మిషనరీని పంపే బటన్, జోసన్ రాజ్యం: ఏళ్ల తరబడి ఆడాక ఒక సమీక్ష

ఈ ఆట మీద నాకున్న ఇష్టం తగ్గలేదు, కోపం మాత్రం ఏటేటా పెరుగుతోంది. ఆ కోపమంతా ఒకే ఒక్క బటన్ మీద. ప్రావిన్సును ఎంచుకుని మతం గుర్తు పక్కనున్న ఆ బటన్ నొక్కితే ఒక మిషనరీ బయలుదేరతాడు. శాతం లెక్క మెల్లగా పైకి పోతుంది. వంద చేరగానే గంట మోగి, పటం మీద ఆ ముక్క రంగు మారిపోతుంది. నిన్నటి దాకా అక్కడ అందరిదీ ఒక మతం, నేటి నుంచి అందరిదీ మరో మతం. ఐరోపా రాజ్యాలతో ఆడినంత కాలం ఇది నన్ను పెద్దగా ఇబ్బంది పెట్టలేదు. కొరియాను ఐదు వందల ఏళ్లు ఏలిన జోసన్ రాజ్యాన్ని ఎంచుకుని ఆడడం మొదలుపెట్టాక ఆ బటన్ కనబడితేనే ఒళ్లు మండుతోంది. ఆ బటన్ పచ్చి అబద్ధమయ్యే దేశం ఒకటి చెప్పమంటే నేను కొరియా పేరే చెబుతాను.

ఆట పేరు రాయడం లేదు. పదిహేనో శతాబ్దంలో మొదలై పంతొమ్మిదో శతాబ్దపు తొలి దశాబ్దాల దాకా సాగే ఈ కోవ స్ట్రాటజీ ఆటలు ఆడేవారికి వేరే చెప్పనక్కర లేదు. పైగా నేను చెప్పబోయే లోపం ఈ కోవ ఆటలు చాలావాటిలో ఉంది. యుద్ధం, వాణిజ్యం, దౌత్యం గురించి ఇప్పటికే బోలెడు సమీక్షలున్నాయి కాబట్టి వాటి జోలికి పోను.

మతం విషయంలో ఆట పూర్తిగా మొద్దుబారినదేమీ కాదని ముందే చెప్పాలి. రాజు మతం వేరు, ప్రజల మతం వేరు అని దానికి తెలుసు. గోల్కొండ మీద నొక్కి చూస్తే కుతుబ్ షాహీల షియా మతం, నేల మీద హిందూ ప్రజలు, రెండూ విడివిడిగా కనిపిస్తాయి. మొదటిసారి అది చూసి ఎంత సంబరపడ్డానో. జపాన్ విషయంలోనూ బాగానే చేశారు. 1637లో షిమబరాలో క్రైస్తవ రైతులు కోటలో చేరి జపాన్ సైనిక పాలకుడైన షోగున్ సైన్యంతో నెలల తరబడి పోరాడారు. తిరుగుబాటు సైన్యం పుట్టించే ఆట యంత్రాంగం ఆ కథకు చక్కగా అమరుతుంది.

ఇమ్జిన్ యుద్ధం ఇంకా బాగుంది. 1592లో జపాన్ పాలకుడు హిదెయోషి కొరియా మీదికి పంపిన సైన్యాల్లో మొదటి దళానికి నాయకుడు కొనిషి యుకినాగా. ఆయన కతోలికుడు. 1593 చివర్లో గ్రెగోరియో దె సెస్పెదెస్ అనే జెసూట్ (యేసు సభ అనే కతోలిక సంస్థకు చెందిన) గురువు కొరియా దక్షిణ తీరంలో ఆ జపాను సైనికుల కోటకు వచ్చి వారికి పూజలు చేశాడు. కొరియా గడ్డ మీద కాలు మోపిన తొలి ఐరోపా మతగురువుగా ఆయన పేరే చెబుతారు. నా ఆటలో కూడా క్రైస్తవ ప్రభువు సైన్యం బూసన్‌ను ఆక్రమించింది, కొన్నేళ్లు కూర్చుంది, వెళ్లిపోయింది. ప్రావిన్సు మతం ఇసుమంతైనా కదలలేదు. చరిత్రలోనూ అంతే: ఆక్రమించిన సైన్యం వెంట వచ్చిన మతం కొరియా నేలలో వేళ్లూనలేదు. ఇది చూసి ఆటను తెగ మెచ్చుకున్నాను. తర్వాత ఆలోచిస్తే ఆ మెప్పులో సగమే నిలబడింది. ఆ యుద్ధంలో జపానుకు బందీలుగా పోయిన కొరియన్లలో ఎందరో అక్కడ క్రైస్తవులయ్యారు, కొందరు అక్కడే విశ్వాసం కోసం చంపబడ్డారు. ఆటలో ఆక్రమణ ఉంటుంది, దోపిడీ సొమ్ము ఉంటుంది గానీ బందీలుండరు.

అసలు గొడవ పద్దెనిమిదో శతాబ్దంతో మొదలైంది. ఒక సుదీర్ఘమైన క్యాంపెయిన్‌లో, అంటే మొదటి నుంచి చివరి దాకా సాగే ఒక ఆటలో, నేను పట్టుబట్టి ఒకటి ప్రయత్నించాను. క్రైస్తవ దేశాల నేల అంగుళం కూడా గెలవకుండా, బటన్ నొక్కకుండా, 1784లో కొరియాలో నిజంగా పుట్టిన క్రైస్తవ సంఘం దానంతట అదే పుడుతుందా అని చూశాను. చైనాతో సంబంధాలు పాలూ నీళ్లలా ఉంచాను. ఏటా కప్పం పంపాను. ఆస్థానంలో పండితులను సలహాదారులుగా పెట్టుకున్నాను. సంస్థలు, సాంకేతికత, అన్నీ ముందంజలోనే ఉన్నాయి. 1784 వచ్చింది, పోయింది. తెర మీద ఒక్క సందేశం కూడా రాలేదు.

ఆ సంవత్సరం నిజంగా ఏం జరిగిందో చెప్పకపోతే నా బాధ అర్థం కాదు. ఇటలీ జెసూట్ మత్తేయో రిచీ బీజింగ్‌లో కూర్చుని చైనీస్‌లో రాసిన క్రైస్తవ గ్రంథం, కప్పం మోసుకుని వెళ్లివచ్చే రాయబారుల సామానులో పదిహేడో శతాబ్దం తొలినాళ్లకే సియోల్ చేరింది. పండితులు దాన్ని గణితం, ఖగోళం పుస్తకాలతో పాటు పాశ్చాత్య విద్యగా చదువుకున్నారు. తరాలు గడిచాక కొందరు యువ పండితులకు అది చదువుగా మిగలక నమ్మకంగా మారింది. ఈ బ్యొక్ అనే మిత్రుడి ప్రోద్బలంతో ఈ సుంగ్-హున్ 1783 శీతకాలంలో, రాయబార బృందంలో అధికారిగా ఉన్న తండ్రి వెంట బీజింగ్ వెళ్లాడు. 1784లో అక్కడ ఒక ఫ్రెంచి గురువు చేత జ్ఞానస్నానం పొంది, పేతురు అనే పేరుతో, సంచి నిండా పుస్తకాలతో తిరిగొచ్చాడు. వచ్చి తానే మిత్రులకు జ్ఞానస్నానం ఇచ్చాడు. అప్పటికి ఆ దేశంలో ఒక్క మిషనరీ లేడు, ఒక్క గురువూ లేడు. కొద్దికాలానికి వీళ్లు తమలో తామే గురువులను నియమించుకుని పాపసంకీర్తనాలు (పాపాల ఒప్పుకోళ్లు) విన్నారు, పూజలు చేశారు. ఇది సరైనదేనా అని వారికే అనుమానం వచ్చి బీజింగ్ బిషప్‌కు ఉత్తరం రాశారు. ఆపమని జవాబు రాగానే ఆపేశారు. చైనా గురువు జేమ్స్ జౌ వెన్‌మో 1794 చివర్లో యాలూ నది దాటి రహస్యంగా దేశంలో అడుగుపెట్టేసరికి అక్కడ దాదాపు 4,000 మంది కతోలికులు ఆయన కోసం ఎదురుచూస్తున్నారు. మిషనరీ వచ్చి సంఘాన్ని పుట్టించలేదు, సంఘమే మిషనరీని పిలిపించుకుంది.

ఈ వరుసను ఆట ఏ కోశానా ఊహించలేదు. అందుకని ఆ క్యాంపెయిన్‌లోనే రెండో దారి పట్టాను. దక్షిణ సముద్రంలో పోర్చుగీసుల చేతిలో ఉన్న ఒక దీవి రేవును గెలిచి, ఆ క్రైస్తవ ప్రావిన్సును అలాగే ఉంచి, మిగతా దేశంలోకి ఆ మతం పాకుతుందేమో చూద్దామని. కొన్ని దశాబ్దాలకు పాకింది. ఎలా పాకిందో చూసి కుర్చీలోంచి లేచిపోయాను. చొల్లా ప్రావిన్సు మీద ఎర్ర గుర్తు పడింది. మతపరమైన అసంతృప్తి గీత నిండింది. మరుసటి నెల కతోలిక తిరుగుబాటుదారులు అనే పేరుతో పదాతి దళాలు, ఫిరంగులు, ఒక సేనాధిపతితో సైన్యం పుట్టుకొచ్చి జొంజు కోటను ముట్టడించింది. వాళ్లు గెలిస్తే ప్రావిన్సు మతం మారుతుంది, ఓడితే అంతా మామూలే. తెర మీద తేలే వివరణ పెట్టెలో (టూల్‌టిప్) ఉన్నవి ఆ రెండు ఫలితాలే.

ఆ జొంజులోనే 1791లో యున్ జీ-చుంగ్, క్వొన్ సాంగ్-యొన్ అనే ఇద్దరి తలలు నరికారు. వాళ్లు కత్తి పట్టలేదు. యున్ తల్లి చనిపోయింది. పితృకర్మలు చేయరాదని బీజింగ్ నుంచి వచ్చిన ఆదేశాన్ని పాటించి అతడు ఆమెకు సంప్రదాయ కర్మకాండ జరపలేదు, పూర్వీకుల పేర్లు రాసిన చెక్క ఫలకాలను కాల్చేశాడు. కన్ఫ్యూషియస్ ధర్మమే రాజ్యానికి వెన్నెముకగా ఉన్న దేశంలో అంతకు మించిన నేరం లేదు. ఉద్యోగం మీద కొరియాలో ఉన్న రోజుల్లో నేను జొంజు వెళ్లాను. ఆ ఇద్దరూ చనిపోయిన చోట ఇప్పుడు జొన్‌డాంగ్ కతోలిక దేవాలయం ఉంది. ఎర్ర ఇటుకల కట్టడం. దాని పునాదిలో పాత కోట గోడ కూల్చినప్పుడు వచ్చిన రాళ్లు వాడారు. వీధికి అవతల కోట దక్షిణ ద్వారం పుంగ్‌నామ్‌మున్ ఇంకా నిలిచే ఉంది. ఒక చోట నిలబడితే రెండూ కనిపిస్తాయి. యున్, క్వొన్‌ల అస్థికలు దొరికాయని జొంజు పీఠం 2021లో ప్రకటించింది. ఆ ఊరి మీదకు ఫిరంగులతో కతోలిక సైన్యం దండెత్తిందని తెర మీద చూడడం నాకు కంటగింపుగా ఉంది.

కొరియా కతోలికులు దాదాపు వందేళ్ల హింసలో ఆయుధాలు పట్టి తిరగబడిన చరిత్ర లేదు. 1801, 1839, 1846, 1866లో పెద్దపెట్టున వేటాడారు. చివరి దాంట్లోనే దాదాపు 8,000 మంది ప్రాణాలు కోల్పోయారని అంచనా. ఆటకు కాస్త దగ్గరగా వచ్చే ఘట్టం ఒకటుందని ఒప్పుకోవాలి. 1801లో హ్వాంగ్ సా-యొంగ్ అనే యువకుడు బెరోన్ అనే కొండ పల్లెలో దాక్కుని, పట్టు గుడ్డ మీద చీమల బారుల్లాంటి అక్షరాలతో బీజింగ్ బిషప్‌కు ఉత్తరం రాశాడు. 13,000 పైచిలుకు అక్షరాలు. పాశ్చాత్య దేశాల యుద్ధనౌకలు వచ్చి జోసన్‌ను బెదిరించాలని అందులో కోరాడు. ఉత్తరం దారిలోనే పట్టుబడింది, అతణ్ని చంపేశారు. కతోలికులంటే దేశద్రోహులన్న ముద్రకు రాజ్యానికి అది చేతికందిన సాక్ష్యమైంది. ఆటలో తెర మీదకు వచ్చి ఆటగాణ్ని నిర్ణయం అడిగే ఒక అత్యద్భుతమైన ఈవెంట్ కావలసిన ఘట్టం ఇది. ఆటలో లేదు.

ఈ కథలో మనుషులను కలిపిన దారం ఏమిటో చూస్తే ఆట ఎక్కడ తప్పిందో తెలుస్తుంది. జోసన్ మహా పండితుల్లో ఒకడైన జొంగ్ యాక్-యొంగ్ సువొన్‌లో హ్వాసొంగ్ కోట కడుతున్నప్పుడు బరువులెత్తే యంత్రాన్ని రూపొందించాడు. 1794 నుంచి 1796 వరకు కట్టిన ఆ కోటను ఆటలో కట్టవచ్చు, దానికి మంచి లాభాలు కూడా ఇచ్చారు. ఆ మనిషి చుట్టూ ఉన్న బంధువర్గాన్ని చూడండి. బీజింగ్‌లో జ్ఞానస్నానం పొందిన ఈ సుంగ్-హున్ అతడికి బావ. ఫలకాలు కాల్చిన యున్ జీ-చుంగ్ మేనమామ కొడుకు. ఈ బ్యొక్ పెద్ద వదినకు సొంత తమ్ముడు. పట్టు ఉత్తరం రాసిన హ్వాంగ్ పెద్దన్న కూతురి భర్త. కొరియా లిపిలో సామాన్యుల కోసం క్రైస్తవ బోధ రాసిన జొంగ్ యాక్-జొంగ్ స్వయానా అన్న. 1801లో ఆ అన్ననూ, బావనూ చంపారు. యాక్-యొంగ్‌ను దేశం కొసకు తోలారు, పద్దెనిమిదేళ్ల ప్రవాసంలో అతడు రాసిన పుస్తకాలే అతణ్ని అజరామరుణ్ని చేశాయి. వియ్యాల వెంట, చదువుకునే గదుల వెంట, చేతులు మారిన పుస్తకాల వెంట పాకిన విశ్వాసమిది. ఆటలో మతం సరిహద్దుల వెంటే పాకుతుంది, లేదా సింహాసనం మీద నుంచి కిందికి దిగుతుంది. మూడో దారి లేదు.

1801 వేటకు మతం ఒక్కటే కారణం కాదు. కతోలికత వైపు మొగ్గిన పండితులు ఎక్కువగా దక్షిణ పక్షమనే రాజకీయ వర్గం వాళ్లు. వాళ్లను చేరదీసిన రాజు జొంగ్జో 1800లో చనిపోగానే రాజమాత జొంగ్సున్ చేతికి అధికారం వచ్చి, ప్రత్యర్థి పక్షానికి రోజులు కలిసొచ్చాయి. ఆటలో ఆస్థాన వర్గాల యంత్రాంగం ఉంది, బాగానే పనిచేస్తుంది. దాన్ని మతంతో ముడిపెట్టే ఒక్క తీగ మాత్రం లాగలేదు. ఆ ఒక్కటి చేసి ఉంటే నేను ఈ సమీక్షలో సగం రాసేవాణ్ని కాదు.

ఇక ఊహించని ఆనందం. తోటి ఆటగాడెవరో ఉచితంగా తయారుచేసిన ఒక మాడ్ (ఆటను మార్చే చేర్పు) దొరికింది. అది వేసుకుంటే బీజింగ్‌కు కప్పం పంపిన ప్రతిసారీ ఏదో ఒక పుస్తకం వెనక్కి వచ్చే అవకాశం ఉంటుంది: ఒకసారి పంచాంగ గణితం, ఒకసారి ప్రపంచ పటం, ఒకసారి క్రైస్తవ బోధ. ఆస్థానంలో పండితుల బలం ఎక్కువగా ఉంటే చివరిది చదువరుల గుంపుగా మారుతుంది. ప్రావిన్సు రంగు మారదు. పక్కన చిన్న పుస్తకం గుర్తు ఒకటి పడుతుంది, అంతే. ఆ గుర్తు మొదటిసారి సియోల్ పక్కన కనిపించినప్పుడు కలిగిన సంతోషం నాకు ఏ యుద్ధం గెలిచినా కలగలేదు. తర్వాత పితృకర్మల ఈవెంట్ వస్తుంది. రాజుగా కఠినంగా ఉంటే స్థిరత్వం పెరుగుతుంది, పుస్తకం గుర్తులు నగరాల్లో మాయమై కొండ ప్రావిన్సుల్లో తేలతాయి. సరిగ్గా అలాగే జరిగింది చరిత్రలో. వేట తప్పించుకున్న కుటుంబాలు కొండల్లోకి పోయి, మట్టి జాడీలు చేసి అమ్ముకుంటూ బతికాయి. జాడీల కావడి మోస్తూ ఊరూరా తిరిగేవాణ్ని ఎవరూ అనుమానించరు కాబట్టి వార్తలు కూడా ఆ దారినే నడిచాయి.

చాలా కాలం ఈ మాడ్‌ను కనిపించిన వారికల్లా చెప్పాను. ఇప్పుడూ చెబుతాను గానీ కొంత ఆగి చెబుతాను. అందులోనూ అన్ని నిర్ణయాలూ రాజువే. ఆడవాళ్లు అసలు లేరు. జౌ గురువును తన ఇంట్లో ఏళ్ల తరబడి దాచింది కాంగ్ వాన్-సుక్ అనే స్త్రీ. కులీన స్త్రీ నడిపే ఇంట్లోకి భటులు చొరబడి వెతకకూడదన్న ఆచారాన్ని ఆమె కవచంగా వాడుకుంది. సియోల్ స్త్రీలకు బోధించింది, 1801లో ప్రాణమిచ్చింది. ఆమెకు ఒక చిన్న బొమ్మ, రెండు వాక్యాలు కూడా దక్కలేదు. పైగా ఆటకు కొత్త ప్యాచ్ వచ్చిన ప్రతిసారీ మాడ్ పనిచేయడం మానేస్తుంది. దాని కోసం పాత వెర్షన్ అట్టిపెట్టుకోవలసి వస్తోంది.

పంతొమ్మిదో శతాబ్దాన్ని చూపే మరో ఆటను కూడా బాగానే ఆడాను. అందులో జనాభాను మతాల వారీగా విడగొట్టి చూపుతారు కాబట్టి రంగుల బాధ లేదు. అయితే అక్కడ వలస పాలకుడి మతం వలస ప్రజలకు అంటుకుంటుందనే లెక్క గట్టిగా ఉంది. కొరియాను మింగింది జపాన్, క్రైస్తవ దేశం కాదు. అందుకే అక్కడ చర్చికి వెళ్లడం పాలకుడికి తలవంచడంగా కనిపించలేదు, చాలామందికి తల ఎత్తుకోవడంగా కనిపించింది. 1919 మార్చి 1 స్వాతంత్ర్య ప్రకటన మీద సంతకం చేసిన 33 మందిలో 16 మంది క్రైస్తవులు, 15 మంది కొరియాలోనే పుట్టిన చొండోగ్యో మతస్థులు, ఇద్దరు బౌద్ధులు. దేశ జనాభాలో క్రైస్తవులు అప్పటికి గుప్పెడు మందే. ప్రొటెస్టెంట్ల విషయంలోనూ పుస్తకమే ముందు నడిచింది. స్కాట్లండ్ మిషనరీ జాన్ రాస్ మంచూరియాలో ఉంటూ కొరియన్ల సాయంతో లూకా సువార్తను కొరియా భాషలో 1882లో అచ్చు వేయించాడు. అండర్‌వుడ్, అపెన్‌జెల్లర్ 1885 ఈస్టర్ రోజున ఇంచొన్ రేవులో దిగేసరికి, ఆ పుస్తకాలు చదివి నమ్మినవారు దేశంలో అప్పటికే ఉన్నారు. ఒకే దేశంలో, నూరేళ్ల తేడాతో, రెండు శాఖలూ పుస్తకం వెంటే వచ్చాయంటే దాన్ని మినహాయింపు అని కొట్టిపారేయలేం.

ఆట తయారుచేసేవారి కష్టం తెలియక మాట్లాడడం లేదు. ప్రపంచమంతా వేల ప్రావిన్సులు, ఒక్కో దానిలో మతాల శాతాలు, ప్రతి నెలా కొత్త లెక్క అంటే కంప్యూటర్ మోయలేదు. నా లాప్‌టాప్ ఇప్పటికే పద్దెనిమిదో శతాబ్దం వచ్చేసరికి నత్తనడక నడుస్తుంది. నేనడిగేది అంత పెద్దది కాదు. రంగు మార్చని మైనారిటీ గుర్తు ఒకటి, అది సరిహద్దుతో పని లేకుండా వాణిజ్య, రాయబార మార్గాల వెంట కదలగలగడం, దాన్ని అణచివేస్తే సైన్యంగా మారకుండా కనుమరుగయ్యే వీలు. ఈ మూడూ ఒక మాడ్ చేయగలిగినప్పుడు అసలు ఆట చేయలేదంటే నమ్మను.

నాకు దీని మీద ఇంత పట్టింపు ఉండడానికి నా పుట్టుకా ఒక కారణం. మాది గుంటూరు లూథరన్ కుటుంబం. మా సంఘ చరిత్ర 1842లో మిషనరీ హేయర్ దొర ఊళ్లో అడుగుపెట్టడంతో మొదలవుతుంది, అంటే ఆ బటన్ కథకు మా కథ కొంతైనా సరిపోతుంది. మిషనరీ లేకుండా మొదలైన సంఘం గురించి కొరియాలో విన్నప్పుడు నాలో పెద్ద కదలిక వచ్చింది. ఆ కదలిక లేనివారికి ఈ లోపం కనిపించకపోవచ్చు, కనిపించినా ఆట మానేంత పెద్దదిగా తోచకపోవచ్చు. యుద్ధాలు, వాణిజ్యం కోసం ఆడేవారికి ఇది ఇప్పటికీ ఈ కోవలో నేను చూసిన అత్యుత్తమమైన ఆట.

కొరియా కోసమే కొనాలనుకునేవారు మాత్రం ధర తగ్గించి అమ్మే రోజుల దాకా ఆగండి, కొన్న వెంటనే ఆ మాడ్ ఏ వెర్షన్‌తో పనిచేస్తుందో చూసుకుని ఆటను అక్కడే ఆపి ఉంచండి. ఎనిమిదేళ్లు దాటిన లాప్‌టాప్ అయితే 1750 తర్వాత వేగం బాగా పడిపోతుంది. జోసన్ క్రైస్తవ కథంతా మొదలయ్యేది ఆ తర్వాతే కాబట్టి, మొదటి నుంచి ఆడకుండా ఆలస్యంగా మొదలయ్యే సంవత్సరాన్ని ఎంచుకోవడం మేలు. నేను ఇప్పుడు అలాగే ఆడుతున్నాను.